నాలుగు డైలాగుల ముసలాయన

మొదటి సంవత్సరం నుంచీ నేను ముసలాణ్ణే.

క్లబ్బు ఆడిషన్ నాటికి నాకు నిండా పద్దెనిమిదేళ్ళు లేవు. నా ముందు నిలబడ్డ మెకానికల్ కుర్రాడు హీరో వేషం అడిగాడు, ఇచ్చేశారు. నేను మొహమాటపడి "ఏదైనా పర్లేదన్నా" అన్నాను. స్క్రిప్టు చేతికిచ్చి రెండు లైన్లు చదవమన్నారు. నా గొంతు మామూలుగానే బావిలోంచి వచ్చినట్టుంటుంది. రెండో లైను పూర్తవకుండానే ఫైనలియర్ అన్న ఒకాయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి "తాత దొరికాడ్రోయ్" అని కేకేశాడు. అంతే. ఉగాది రోజున నా తల మీద అర డబ్బా టాల్కం పౌడరు, మూతి మీద మెడికల్ షాపు దూది. చెమటకి మీసం ఒక పక్క ఊడిపోతే దాన్ని వేలితో అదిమిపట్టుకునే మనవడికి బుద్ధులు చెప్పాను.

రెండో ఏడు సర్పంచి. మూడో ఏడు యముడు. యముడికి నెరిసిన మీసం ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు, బహుశా దూది మిగిలిపోయి ఉంటుంది. మూడేళ్ళలో పోస్టరు మీద నా పేరు ఒక్కసారి కూడా పడలేదు. హీరో పేరు, హీరోయిన్ పేరు, రాసినవాడి పేరు, ఆ తర్వాత "తదితరులు". ఇంటికి ఫోటో పంపితే మా అమ్మ "నువ్వెక్కడున్నావురా ఇందులో" అని అడిగింది. ఉన్నాను, అంచున, సగం భుజం.

రెండో ఏడులో ఒకరోజు రిహార్సల్ అయ్యాక మెస్సులో కూర్చుని ఈ గోడు వెళ్ళబోసుకుంటుంటే, నన్ను తాతని చేసిన ఆ అన్నే (అప్పటికి పాసై ఉద్యోగంలో ఉన్నాడు, చూసి పోదామని వచ్చాడు) పెరుగన్నం కలుపుకుంటూ తాపీగా అన్నాడు: "పాతాళభైరవిలో మాంత్రికుడి వేషం వేసేనాటికి ఎస్వీ రంగారావుకి ఎన్నేళ్ళో తెలుసా? ముప్పై రెండు." నేను నమ్మలేదు. ఆ గెడ్డం, ఆ వంకర చూపు, అది ముప్పై రెండేళ్ళవాడిదా? రూముకొచ్చి లెక్క చూశాను. ఆయన పుట్టింది 1918 జూలై 3న, నూజివీడులో. సినిమా వచ్చింది 1951 మార్చిలో. ముప్పై రెండేళ్ళ ఎనిమిది నెలలు. తోటరాముడి వేషం వేసిన ఎన్టీఆర్ కంటే ఐదేళ్ళు పెద్ద, అంతే. ఐదేళ్ళంటే మా కాలేజీలో ఫస్టియర్ వాడికీ ఎంటెక్ వాడికీ ఉన్నంత తేడా.

అప్పటిదాకా నాకు ఎస్వీఆర్ అంటే మాయాబజార్‌లో లడ్లు గాల్లో ఎగిరొచ్చి నోట్లో పడే ఘటోత్కచుడు. ఆ రాత్రి నుంచి ఆయన నాకు చుట్టం.

తమాషా ఏమిటంటే ఆయన సినిమాల్లోకి వచ్చింది హీరోగానే. డిగ్రీ చదువుకుని ఫైర్ సర్వీసులో ఆఫీసరుగా చేరారు. బందరులోనూ విజయనగరంలోనూ పనిచేశారు. నాటకాల పిచ్చి మాత్రం కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ రోజుల నుంచీ ఉంది. అంజలీదేవి, ఆదినారాయణరావు కూడా ఆ క్లబ్బు మనుషులే. బంధువైన బి.వి. రామానందం "వరూధిని" తీస్తూ పిలిచేసరికి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి మద్రాసు వెళ్ళిపోయారు. వేషం ఏమిటనుకున్నారు? ప్రవరాఖ్యుడు. అప్సరస అంతటిది వెంటపడి బతిమాలేంత అందగాడు. 1947లో వచ్చిన ఆ సినిమా ఆడలేదు. చేతిలో ఉన్న ఉద్యోగం పోయింది, వచ్చిన వేషం పోయింది. జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా వాళ్ళ దగ్గర కొత్తగా ఉద్యోగంలో చేరారు.

నేను ఈ ముక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆయన సినిమాల గురించి మాట్లాడేవాళ్ళు ఈ జంషెడ్‌పూర్ సంగతి ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఎందుకంటే తర్వాత ఏమైందో మనకి తెలుసు. జంషెడ్‌పూర్‌లో ఉన్న మనిషికి తెలీదు కదా. పొద్దున్నే లేచి ఆఫీసుకి వెళ్ళే ఆ ఇరవై తొమ్మిదేళ్ళాయనకి తాను ఫెయిలైన హీరో, అంతే. (నాకు ఆఫర్ లెటర్ వచ్చి ఏడు నెలలైంది, జాయినింగ్ డేటు ఇంకా రాలేదు. అందుకని ఇలాంటి చోట్ల ఆగిపోతుంటాను.)

మళ్ళీ మద్రాసు వచ్చాక ఇక హీరో వేషాల ఊసు లేదు. 1949లో "మనదేశం"లో చిన్న వేషం. ఎన్టీఆర్‌కి అది మొదటి సినిమా. 1950లో "పల్లెటూరి పిల్ల"లో విలన్ కంపన దొర. అదే ఏడు "షావుకారు"లో సున్నం రంగడు. సున్నం రంగణ్ణి చూసి తీరాలి. ఊళ్ళో అందరూ భయపడే రౌడీ, కానీ ఆ రౌడీతనం వెనక ఒక న్యాయం ఉన్నట్టు అనిపిస్తూనే ఉంటుంది. ఆ మరుసటేడే నేపాళ మాంత్రికుడు. "డింభకా" అన్న మాటని మనం ఇప్పటికీ ఒకళ్ళనొకళ్ళం ఏడిపించుకోడానికి వాడుకుంటున్నామంటే అది పింగళి నాగేంద్రరావు కలం ఎంతో, ఆ గొంతూ అంతే. ప్రవరుడికీ మాంత్రికుడికీ మధ్య నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో ఆయన పోగొట్టుకున్నదల్లా అందగాడి వేషం.

ఆ తర్వాత వయసు అన్న లెక్కే ఆయనకి వర్తించడం మానేసింది. 1955లో "మిస్సమ్మ" నాటికి ముప్పై ఆరేళ్ళు. సావిత్రికీ జమునకీ తండ్రి. ఎవరేం చెప్పినా నమ్మేసే అమాయకపు జమీందారు. గుమ్మంలో నిలబడి కళ్ళు చికిలించి నవ్వుతుంటే మాంత్రికుడు గుర్తుకు రాడు, ఎంత తెచ్చుకుందామన్నా రాడు. అదే ఏడు బి.ఎన్. రెడ్డి గారి "బంగారు పాప". జార్జ్ ఇలియట్ నవల "సైలస్ మార్నర్" ఆధారంగా తీసింది. పగతో రగిలిపోయే కోటయ్య చేతిలో ఒక పసిపిల్ల పడుతుంది. మొరటు మనిషి కాస్తా ఆ పాప కోసం మెత్తబడతాడు. క్యారెక్టర్ ఆర్టిస్టు చుట్టూ సినిమా అంతా తిరిగిన అరుదైన సందర్భాల్లో అదొకటి. 1963లో "నర్తనశాల"లో కీచకుడు. ఎదురుగా భీముడు దండమూడి రాజగోపాల్, నిజంగా బరువులెత్తే మనిషి. అయినా తెర మీద బరువు ఈయనదే. ఆ వేషానికి 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఇక్కడి పోస్టర్ల మీద మాత్రం పెద్ద అక్షరాలు ఎప్పుడూ హీరోవే.

మాయాబజార్ సంగతి వేరే చెప్పాలి. దీన్ని నేను హాస్టల్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఒకసారి సెమిస్టర్ ఎగ్జాం ముందు రోజు కూడా చూశాను (ఆ పేపరు సప్లీలో రాశాను). అందరూ ఘటోత్కచుడి భోజనం చూస్తారు. నేను చూడమనేది ఆయన లేని సీన్లు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తాక తెర మీద ఉన్నది సావిత్రి, ఎస్వీఆర్ కాదు. కానీ ఆ పిల్ల చెయ్యి నడుం మీద పెట్టే తీరు, మెడ తిప్పే తీరు, పక్కన ఎవరూ లేనప్పుడు ఛాతీ విరుచుకుని నాలుగడుగులు వేసే తీరు చూస్తే చీరకట్టులో ఎస్వీఆర్ తిరుగుతున్నట్టే ఉంటుంది. పీటల మీద లక్ష్మణ కుమారుడి కాలు తొక్కేది సావిత్రి పాదమే, దాని బరువు మాత్రం ఘటోత్కచుడిది. ఇది సావిత్రి గొప్పతనం, సందేహం లేదు. కానీ ఇంకోటి కూడా ఉంది. ఇంకో నటి అరువు తెచ్చుకుని నడవగలిగేంత స్పష్టంగా ఆయన ఆ మనిషిని కట్టాడు. నడక ఇది, చూపు ఇది, నవ్వు ఇది. డ్రాయింగ్ సరిగ్గా ఉంటే సైటులో ఎవరైనా కట్టగలరంటాడు మా సివిల్ ఫ్రెండు. ఒక వేషాన్ని అంత వివరంగా ఆలోచించగలిగినవాడు ఎప్పుడో ఒకప్పుడు మొత్తం సినిమానే ఆలోచించాలనుకోవడంలో వింతేముంది?

ఆలోచించాడు. కానీ చాలా ఆలస్యంగా. ఆ కథ నేను వెతుక్కోవలసిన అవసరం ఈ ఏడే వచ్చింది.

ఈ ఏడు నన్ను డైరెక్టర్ని చేశారు. ప్రేమతో కాదు. మిగతా ఫైనలియర్ వాళ్ళంతా ఇంటర్న్‌షిప్పులనీ ప్లేస్‌మెంట్లనీ వెళ్ళిపోతే మిగిలింది నేనే. అంతర కళాశాలల పోటీకి అరగంట నాటిక. నేనే రాశాను. హైదరాబాదులో ఉద్యోగాలు చేసే ఇద్దరు కొడుకులు పొలం అమ్మేద్దామని ఊరికొస్తారు. అరుగు మీద తండ్రి. కొడుకులు వాదించుకుంటారు, కోడలు లెక్కలేస్తుంది, బ్రోకరు వచ్చి పోతాడు. తండ్రికి నాలుగు డైలాగులు. నాలుగోది "సంతకం ఎక్కడ పెట్టాలిరా" అన్నది, దాంతో తెర పడుతుంది.

తండ్రి వేషానికి రెండో ఏడు ఈసీఈ కుర్రాణ్ణి తీసుకున్నాను. శ్రీకాకుళం వైపు వాడు, వెదురు కర్రలా ఉంటాడు. నా మీద ఉన్న దూది మీసం ముద్ర పోవాలంటే ఈసారి సన్నటి ముసలాడు కావాలని నా పట్టుదల.

రిహార్సల్స్ మొదలయ్యాక నాకు తెలీకుండానే ఒక జబ్బు పట్టుకుంది. అందరి వేషాలూ నేనే వేసి చూపించడం. పెద్దకొడుకు ఇలా కోప్పడాలి, కోడలు ఇలా మూతి తిప్పాలి. వారం తిరిగేసరికి స్టేజీ మీద ఐదుగురు నేనులు తిరుగుతున్నారు. ముసలాడి నడక కూడా చూపించాను. వాడు అచ్చం నాలాగే నడిచాడు. అంటే ఊళ్ళో ముసలాడిలా కాదు, ఫస్టియర్‌లో ముసలాడి వేషం వేసిన నాలా. అప్పుడు అర్థం కాలేదు.

మూడో రోజో నాలుగో రోజో వాడు అడిగాడు. "అన్నా, వీళ్ళిద్దరూ కొట్టుకుంటున్నంతసేపు నేనేం చెయ్యాల?"

"ఏం చెయ్యక్కర్లేదురా. ఊరికే కూర్చో."

వాడు కూర్చున్నాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోను ఎత్తలేదు.

"దీనికింత ఆలోచనెందుకు, నువ్వే వేసేయ్ బావా" అన్నాడు మా రూమ్మేటు. "డైలాగులు రాసింది నువ్వు, ముసలాడివి నువ్వు. పోటీ తొమ్మిది రోజులుంది." అబద్ధం చెప్పను, ఆ మాట వినగానే కడుపులో చల్లగా అనిపించింది. నాటిక నాది, అందులో బరువున్న వేషం నాది, ఈసారి పోస్టరు మీద పేరు రెండు చోట్ల. ఆ రాత్రే నేను ఎస్వీఆర్ దర్శకత్వం సంగతి వెతకడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే వెతికింది జ్ఞానం కోసం కాదు, సాక్ష్యం కోసం. ఆయనా ఇదే చేశాడని తేలితే నాకు అడ్డు చెప్పేవాడుండడని.

ఆయనా ఇదే చేశాడు. 1967లో "చదరంగం", 1968లో "బాంధవ్యాలు". రెండింటికీ దర్శకుడు ఎస్వీ రంగారావు, రెండింట్లోనూ నటుడు ఎస్వీ రంగారావు. రెండింటికీ రాష్ట్ర ప్రభుత్వం నంది బహుమతులిచ్చింది. "బాంధవ్యాలు"కైతే ఆ ఏటి ఉత్తమ చిత్రంగా బంగారు నంది.

సాక్ష్యం దొరికేసింది, పడుకోవచ్చు. కానీ ఇంకొంచెం ముందుకెళ్ళాను, అక్కడ దొరికింది వేరే. "బాంధవ్యాలు" తమిళం నుంచి వచ్చిన కథ. 1967లో కె.ఎస్. గోపాలకృష్ణన్ తీసిన "కణ్ కండ దైవం". అందులో అన్న వేషం వేసిందీ ఈయనే. దానికంటే ముందు, 1965లో, ఆయన నిర్మాణంలో పాలుపంచుకున్న "నాదీ ఆడజన్మే" కూడా అంతే. తమిళంలో "నానుం ఒరు పెణ్". నల్లటి కోడలి కథ. అందులో ఇంటి పెద్ద ఈయనే, తెలుగులోనూ ఈయనే. అంటే ఆయన దర్శకుడి కుర్చీ వైపు నడిచిన దారిలో రెండు మెట్లు, అప్పటికే తాను ఒకసారి పక్క భాషలో బతికి వచ్చిన వేషాలు. మాంత్రికులు కాదు, రాక్షసులు కాదు. అన్నదమ్ములు, ఉమ్మడి కుటుంబం, కోడళ్ళు, అరుగు మీద పెద్దాయన. కీచకుడికి విదేశంలో బహుమతి తెచ్చుకున్న మనిషి, సొంతంగా సినిమా తీసే అవకాశం వస్తే రావణుడి మీద సినిమా తీయొచ్చు, జనం ఎగబడి చూసేవాళ్ళు కూడా. ఆయన ఇల్లు కట్టుకున్నాడు. తెలుగులో తనకెవరూ అంత నిండుగా రాసిపెట్టని పెద్దాయన వేషాన్ని పక్కింటి నుంచి భుజం మీద మోసుకొచ్చుకున్నాడు. దర్శకుడు కాబట్టి వేషం వేసుకోలేదు, ఆ వేషం కోసం దర్శకుడయ్యాడని నా అనుమానం. ఇది నా ఊహే, ఆయన ఎక్కడా అన్నది కాదు.

ఇంకోటి. "బాంధవ్యాలు"లో సావిత్రి ఉంది. పదకొండేళ్ళ కిందట ఆయన నడక అరువు తీసుకున్న మనిషి. ఇప్పుడు ఆయన దర్శకుడు, ఆమె నటి. ధూళిపాళ ఉన్నారు. నటి లక్ష్మి తెలుగులో కనిపించిన మొదటి సినిమా కూడా ఇదే. అంటే ఇల్లు కట్టి తానొక్కడే కాపురం పెట్టలేదు. సావిత్రి కూడా అదే 1968లో "చిన్నారి పాపలు"తో దర్శకురాలైంది. అలా ఒకే ఏడు ఇద్దరూ కెమెరాకి అటు పక్కా ఇటు పక్కా నిలబడ్డారు. ఆ సెట్లో ఒకరికొకరు ఏం చెప్పుకుని ఉంటారా అని నేను పరీక్ష హాల్లో కూర్చుని కూడా ఆలోచించాను.

ఆ తర్వాత ఆయన మళ్ళీ దర్శకత్వం చెయ్యలేదు. వేషాలు మాత్రం ఆపలేదు. బాపు "సంపూర్ణ రామాయణం"లో రావణుడు. దాసరి నారాయణరావు మొదటి సినిమా "తాత మనవడు"లో తాత. రెండు సినిమాలు సొంతంగా తీసి, బంగారు నంది ఇంట్లో పెట్టుకున్న మనిషి, మొదటి సినిమా తీస్తున్న కుర్రాడి ముందు నటుడిగా నిలబడ్డాడు. "రేపు షాట్ ఇలా పెడదాం సార్" అంటే తలూపి ఉంటాడు. 1974 జూలై 18న మద్రాసులో పోయారు. యాభై ఆరేళ్ళు. తెర మీద ఎన్ని తరాల ముసలివాళ్ళుగానో బతికిన మనిషి, నిజం ముసలితనం దాకా రాలేదు.

ఇదంతా చదివేసరికి రాత్రి రెండున్నర. ఒక సంగతి మింగుడు పడలేదు. ఆయన తెచ్చుకున్నది తన వేషం. నేను లాక్కోబోతున్నది ఇంకొకడికి ఇచ్చిన వేషం. అదీ "ఊరికే కూర్చో" అని చెప్పి, వాడు కూర్చోలేకపోతే. ఫస్టియర్‌లో నాకు ఆ మాట ఎవరు చెప్పారో, ఏ స్టేజీ మీద ఏ కుర్చీలో చెప్పారో నాకింకా గుర్తుంది. వాడికి మాత్రం గుర్తుండదనుకున్నాను.

మర్నాడు పొద్దున్న వాళ్ళ హాస్టల్‌కి వెళ్ళాను. వాడు కుళాయిల దగ్గర బకెట్లో బట్టలు జాడిస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"రిహార్సల్‌కి రావట్లేదేం రా?"

"నా నాలుగు డైలాగులూ నాకు మొదటి రోజే వచ్చేసినాయన్నా. మిగతా అరగంటా ఏం చెయ్యాలో చెప్పమంటే ఊరికే కూర్చోమన్నావు. ఊరికే కూర్చోడానికైతే కుర్చీ సరిపోద్ది కదా, మనిషెందుకు?"

నా దగ్గర జవాబు లేదు. చాలాసేపు వాడు బట్టలు పిండుకున్నాడు, నేను నిలబడ్డాను. క్షమాపణ చెప్పడానికి నోరు రాలేదు, సీనియర్ అన్న జబ్బు ఒకటి ఉంటుంది కదా. చివరికి నోట్లోంచి వచ్చింది ఇది: "మీ తాత ఎలా కూర్చుంటాడ్రా?"

"ఎప్పుడు?"

"ఇంట్లో వాళ్ళు గొడవ పడుతుంటే."

వాడు లుంగీ పిండటం ఆపి ఆలోచించాడు. "మా తాత ఊరికే కూర్చోడన్నా. తాడు పేనతాడు. గోగునార తొడ మీదేసుకుని పేనతానే ఉంటాడు. ఎవరెంత అరిసినా తలెత్తడు. మా చిన్నాన్న ఆస్తి పంచమన్న రోజు ఒక్కసారి చెయ్యి ఆగింది. మళ్ళీ పేనుకున్నాడు."

ఆ రోజు సాయంత్రం రిహార్సల్‌లో నేను ఎవరికీ ఏమీ చేసి చూపించలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎంత కష్టమో! మా ఊళ్ళో గోగునార దొరకలేదు, మెస్సు వాళ్ళని అడిగి ఒక ఖాళీ గోనెసంచి తెచ్చి పీచు లాగి ఇచ్చాను. వాడు అరుగు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని పేనడం మొదలుపెట్టాడు. కొడుకులిద్దరూ అరుచుకుంటున్నారు. బ్రోకరు ఎకరం ధర చెప్పాడు. తొడ మీద చెయ్యి ఆగింది. ఒక్క క్షణం. మళ్ళీ కదిలింది. పెద్దకొడుకు వేషం వేసినవాడు తన డైలాగు మర్చిపోయి ఆ చేతి వంకే చూస్తూ ఉండిపోయాడు.

పోస్టరు మీద వాడి పేరు రాయించాను. అచ్చుతప్పుతో వచ్చింది.

పోటీ రోజు నేను స్టేజీ పక్క రెక్కలో స్క్రిప్టు పట్టుకుని నిలబడ్డాను. అంతా సాఫీగా నడిచింది. ఆఖరి సీనులో కొడుకు కాగితాలు తెచ్చి తండ్రి ముందు పెట్టాలి, తండ్రి నాలుగో డైలాగు చెప్పాలి. కాగితాలు పెట్టాడు. చెయ్యి ఆగింది. డైలాగు రాలేదు. పక్క నుంచి నేను గుసగుసగా అందించాను. "సంతకం... సంతకం ఎక్కడ..." వాడు నా వైపు చూడలేదు. ఆగిన చెయ్యి ఆగినట్టే ఉంది. హాల్లో ఒక్కడూ దగ్గలేదు. కొడుకులిద్దరూ దిక్కుతోచక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక తప్పక నేనే తెర వెయ్యమని సైగ చేశాను.

రెండో బహుమతి వచ్చింది. ఉత్తమ నటుడు ఇంకో కాలేజీ హీరో. వాడు నిజంగా డైలాగు మర్చిపోయాడో, కావాలనే వదిలేశాడో ఎన్నిసార్లు అడిగినా చెప్పడం లేదు. అడిగినప్పుడల్లా "నువ్వు పక్క నుంచి అరిసింది మూడో వరస దాకా వినపడిందన్నా" అంటున్నాడు.

ఆ తాడు మా రూములో కిటికీకీ బీరువాకీ మధ్య కట్టాం, బట్టలారేసుకోడానికి. రెండు తువాళ్ళు ఆపుతుంది. జీన్స్ వేస్తే తెగిపోతుందని వాడే హెచ్చరించి వెళ్ళాడు.